హామ్‌ట్రామిక్‌లో సగానికి పైగా తెల్లవాళ్లే అంటోంది సెన్సస్. మరి వీధిలో కనపడరేం?

మంచుదారి

అందరికీ నమస్కారం. మా ఆయనకి అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఫీసుకి దగ్గర, అద్దె కూడా మాకు అందుబాటులో ఉందని హామ్‌ట్రామిక్‌లో ఇల్లు వెతుకుతున్నాం. పాపని బడిలో వేయాలి కదా, ఊళ్లో ఎవరెవరుంటారో ముందే తెలుసుకుందామని జనాభా లెక్కలు తీశాను. 2010 సెన్సస్ ప్రకారం ఊరి జనం 22,423. అందులో తెల్లవాళ్లు 53.6 శాతం, ఆసియన్లు 21.5, నల్లవాళ్లు 19.3.

మొన్న శుక్రవారం వెళ్లి జోసెఫ్ కాంపా అవెన్యూ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాం. అది ఆ ఊరి మెయిన్ రోడ్డు. బోర్డులు కొన్ని అరబిక్‌లో, కొన్ని బెంగాలీలో. మధ్యాహ్నం మసీదు మైకులోంచి అజాన్ వినిపించింది. అది ఆగిన కాసేపటికి ఎక్కడో చర్చి గంట మోగింది. ఒక పోలిష్ బేకరీ ముందు ఇద్దరు ముసలివాళ్లు నిలబడి మాట్లాడుకుంటున్నారు. నా మనసులో "తెల్లవాళ్లు" అంటే వచ్చే మనుషులు ఆ రోడ్డు మొత్తం మీద వాళ్లిద్దరు, ఇంకో నలుగురైదుగురు. సగానికి పైగా తెల్లవాళ్లున్న ఊరు ఇలా ఉంటుందా? నేను పట్టిక తప్పుగా చదివానా?

లెక్కలమాస్టారు

తప్పేం చదవలేదమ్మా. మీరు చూసిన అరబిక్ బోర్డులవాళ్లే ఆ 53.6 శాతంలో చాలామంది.

సెన్సస్‌లో "వైట్" అనే గడికి ఒక నిర్వచనం ఉంది. యూరప్, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా, ఈ మూడింటిలో ఎక్కడి మూలాలున్నా వైటే. 1977లో అమెరికా కేంద్ర ప్రభుత్వం గణాంకాల కోసం ఒక ఆదేశం ఇచ్చింది, 1997లో దాన్ని సవరించింది. రెండింటిలోనూ ఇదే నిర్వచనం. హామ్‌ట్రామిక్‌లో యెమెన్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. పోలండ్ నుంచి వచ్చినవాళ్ల మనవలు, బోస్నియా యుద్ధం తర్వాత వచ్చినవాళ్లు, యెమెనీలు అందరూ ఒకే గడిలో కూర్చున్నారు. ఆ 21.5 శాతం ఆసియన్లేమో ఎక్కువగా బంగ్లాదేశీలు. ఆసియన్లు అనగానే మన తెలుగువాళ్లుంటారని అనుకుని ఉంటే, అదీ అంతే.

అంటే పట్టిక అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకి జవాబిచ్చింది. మీ మనసులో ఉన్న ప్రశ్న వేరు.

కొత్తగాలి

యెమెన్ వాళ్లు తెల్లవాళ్లా?! ఎవరు నిర్ణయించారండీ ఇది?

పాతకాగితాలు

ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, కాస్త వివరంగా రాస్తాను.

కోర్టులు నిర్ణయించాయి. 1790 చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాడు అమెరికా పౌరుడు కావాలంటే "స్వేచ్ఛగల తెల్ల మనిషి" అయి ఉండాలి. 1870లో ఆఫ్రికన్ మూలాలవాళ్లని కూడా చేర్చారు. మిగతావాళ్లందరూ కోర్టుకెళ్లి "నేను తెల్లవాణ్ణే" అని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1915లో డౌ అనే సిరియా మనిషి కేసులో అప్పీలు కోర్టు సిరియన్లు తెల్లవాళ్లే అంది. 1942లో అహ్మద్ హసన్ అనే యెమెనీ అర్జీ పెట్టుకున్నాడు, అదీ ఎక్కడో కాదు, డెట్రాయిట్‌లోనే. అక్కడి ఫెడరల్ జడ్జి అతను తెల్లవాడు కాదని కొట్టేశాడు. రెండేళ్లు తిరక్కుండా 1944లో మసాచుసెట్స్‌లో ఇంకో జడ్జి ఒక అరబ్బు మనిషిని తెల్లవాడేనని ఒప్పుకుని పౌరసత్వం ఇచ్చాడు. చర్మం మారలేదు, జడ్జి మారాడు.

మన సంగతి కూడా ఇందులోనే ఉంది. భగత్ సింగ్ థిండ్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923లో సుప్రీంకోర్టు అతను తెల్లవాడు కాదంది. ఆ తీర్పు పట్టుకుని అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాక్కున్నారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే మనవాళ్లకి మళ్లీ తలుపు తెరుచుకుంది.

సెన్సస్‌లో మనం ఏ గడిలో ఉన్నామో చూడండి. 1920, 1930, 1940లలో జాతి కాలంలో మన పేరు "హిందూ". సిక్కులూ ముస్లింలూ కూడా ఆ లెక్కలో హిందువులే. 1970కి వచ్చేసరికి భారతీయుల్ని తెల్లవాళ్లలో కలిపేశారు. మన సంఘాలవాళ్లు ప్రభుత్వం చుట్టూ తిరిగి అడిగాక 1980లో "ఏషియన్ ఇండియన్" అనే గడి వచ్చింది. 1970లో తెల్లవాడిగా లెక్కకెక్కిన డాక్టరుగారు 1980లో అదే ఇంట్లో కూర్చుని ఆసియన్ అయ్యారు.

కొత్తగాలి

1970 సంగతి ఇప్పుడే తెలిసింది. మా పెదనాన్నగారు 1969లో వచ్చారు. ఇవాళే ఫోన్ చేసి అడుగుతాను.

కాంపా పక్కవీధి

నేను ఈ ఊళ్లో పదేళ్లుగా ఉంటున్నాను మంచుదారి గారూ. శాతాలు మాస్టారు చెప్పారు, అవి ఎలా వచ్చాయో నేను చెప్తాను.

ఈ ఊరి వైశాల్యం రెండు చదరపు మైళ్లకి కొంచెం ఎక్కువ. చుట్టూ దాదాపు అంతా డెట్రాయిటే. 1910లో ఇక్కడ జనం 3,559. అప్పుడే డాడ్జ్ అన్నదమ్ములు కార్ల ఫ్యాక్టరీ పెట్టారు. పదేళ్లలో జనం 48,615 అయ్యారు! 1930కి 56,268. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పోలండ్ రైతుకూలీలు. 1922లో ఇది సిటీ అయింది. అప్పటి నుంచి 2021 దాకా మేయర్లందరూ పోలిష్ మూలాలవాళ్లే. 1987లో పోలండ్ పోప్ జాన్ పాల్ 2 వస్తే ఊరంతా రోడ్డు మీదే ఉందని ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. అప్పటికే ఊరు ఖాళీ అవుతోంది. 1980లో డాడ్జ్ మెయిన్ అనే ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పిల్లలు వారెన్, స్టెర్లింగ్ హైట్స్ లాంటి శివార్లకి వెళ్లిపోయారు. ఇళ్లు చవకయ్యాయి. ఆ చవక ఇళ్లలోకి యెమెనీలు, బంగ్లాదేశీలు, బోస్నియన్లు వచ్చారు. మీరూ అదే కారణంతో వస్తున్నారు కదా.

2004లో అజాన్ మైకులో పెట్టుకోవచ్చా అన్న దానిమీద పెద్ద గొడవ జరిగింది. దేశం నలుమూలల నుంచి టీవీలవాళ్లు దిగారు. ఊరు ఓటేసి ఒప్పుకుంది. 2015 ఎన్నికల్లో కౌన్సిల్‌లో ముస్లింలు ఎక్కువమంది అయ్యారు. 2022 జనవరిలో కౌన్సిల్ మొత్తం ముస్లింలే అయ్యారు, మేయర్‌గా యెమెన్‌లో పుట్టిన మనిషి వచ్చారు. 2020 లెక్కలో జనం 28,433. డెట్రాయిట్ తగ్గుతుంటే మా ఊరు పదేళ్లలో ఆరువేలు పెరిగింది.

మీరు 19.3 శాతం నల్లవాళ్ల గురించి ఏమీ అడగలేదు. ఎవరూ అడగరు. ఆ అంకె వెనక ఒక కోర్టు కేసుంది. 1960లలో ఈ నగరం అభివృద్ధి పేరుతో, హైవే పేరుతో నల్లవాళ్ల వీధులే చూసి కూల్చింది. 1968లో ఆ కుటుంబాలు కేసు వేశాయి. 1971లో జడ్జి డేమన్ కీత్ ఇది కావాలనే నల్లవాళ్లని ఊరి నుంచి తరిమేయడమని తీర్పిచ్చారు. వాళ్లకి ఇళ్లు కట్టివ్వాలి. ఆ ఇళ్లు కట్టడం 2000 దాటాక కూడా సాగింది. కేసు వేసినవాళ్లలో కొందరు పోయారు, తాళాలు పిల్లలు తీసుకున్నారు. మా వీధి చివర అలాంటి ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి పెద్దావిడ వరండా మెట్లమీద రెండు పూలకుండీలు పెట్టుకుని రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తుంది. "మా అమ్మ వంటగది ఇప్పుడు రోడ్డు కింద ఉంది" అని ఒకసారి నాతో అంది. పట్టికలో ఆవిడ కూడా 19.3లో ఒక చుక్కే.

మంచుదారి

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయండీ. నిజమే, నేను ఆ అంకె దగ్గర ఆగనేలేదు.

నిప్పురవ్వ

అందరూ ఏమనుకున్నా సరే, నా అభిప్రాయం చెప్తాను. అసలు ఈ జాతి లెక్కలే తీయకూడదు. మనుషుల్ని గడుల్లో పెట్టడం మొదలెడితే వాళ్లు గడుల్లాగే ఆలోచిస్తారు. మా అబ్బాయి ఏడేళ్లవాడు, బడి నుంచి వచ్చి "నాన్నా, మనం బ్రౌనా, ఏషియనా?" అని అడిగాడు. ఆ వయసు పిల్లాడికి ఆ ప్రశ్న ఎందుకు?

గడపగడప

నిప్పురవ్వ అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఒప్పుకోను. 2020 సెన్సస్‌లో ఎన్యూమరేటర్‌గా పనిచేశాను. మాస్కు పెట్టుకుని, మెడలో బ్యాడ్జి వేసుకుని, ఫారం పంపని ఇళ్లకి వెళ్లి తలుపు కొట్టడం నా పని. లెక్క తీయకపోతే ఏమవుతుందో హామ్‌ట్రామిక్‌నే చూడండి.

1999లో అక్కడ ఎన్నికలు జరిగినప్పుడు నల్లగా ఉన్నవాళ్లని, ముస్లిం పేర్లున్నవాళ్లని పోలింగ్ దగ్గర ఆపి, మీరు పౌరులేనని ప్రమాణం చేయండి అన్నారు. తెల్లగా ఉన్నవాళ్లని అడగలేదు. ఫెడరల్ ప్రభుత్వం కలగజేసుకుని 2000లో ఆ నగరాన్ని కోర్టు ఒప్పందానికి కట్టుబడేలా చేసింది. ఎవరిని ఆపారు, ఎవరిని ఆపలేదు అని తేల్చాలంటే ఎవరెవరున్నారో తెలియాలి కదా?

ఇంకోటి. ఓటింగ్ హక్కుల చట్టంలో సెక్షన్ 203 అని ఉంది. ఒక భాషవాళ్లు తగినంత మంది ఉండి, ఇంగ్లీషు సరిగ్గా రాకపోతే ఆ భాషలో బ్యాలెట్ ఇవ్వాలి. 2011లో సెన్సస్ లెక్కల మీదే హామ్‌ట్రామిక్‌కి బెంగాలీ వచ్చింది. కానీ ఆ సెక్షన్ ఆసియన్లకి, స్పానిష్ మూలాలవాళ్లకి, అమెరికన్ ఇండియన్లకి (అంటే అమెరికా ఆదివాసులకి), అలాస్కా ఆదివాసులకి మాత్రమే. అరబిక్ అందులోకి రాదు. పక్కపక్క ఇళ్లలో ఉండే బంగ్లాదేశీ ముసలాయనకి చట్టం ప్రకారం తన భాషలో బ్యాలెట్ దక్కుతుంది, యెమెనీ ముసలాయనకి దక్కదు. గడి ఉందా లేదా అన్నది అంత పని చేస్తుంది.

నిప్పురవ్వ

ఈ సెక్షన్ సంగతి నాకు తెలియదు. మీరన్నది ఆలోచించాల్సిందే. కానీ పిల్లల సంగతిలో నా మాట నాదే.

మిల్లు ఏరు

మేము మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ దగ్గర ఉంటాం. హామ్‌ట్రామిక్‌కి పూర్తిగా తిరగేసిన కథ మాది.

ఇదీ చిన్న ఊరే, 2020లో 37,121 మంది. ఆండ్రోస్కాగిన్ నది ఒడ్డున బట్టల మిల్లులు. కెనడా నుంచి ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు వచ్చి వాటిలో పనిచేశారు. 2000 సెన్సస్‌లో నల్లవాళ్లు ఒక శాతం. 2001 నుంచి సోమాలీ కుటుంబాలు రావడం మొదలైంది. 2010కి 8.7 శాతం. పట్టిక చూస్తే "తెల్ల ఊరు, కొత్తగా నల్లవాళ్లు" అనే అనిపిస్తుంది. మధ్యలో జరిగింది పట్టికలో కనపడదు. 2002లో అప్పటి మేయర్ ఇక మీవాళ్లని రానివ్వకండి అని సోమాలీ పెద్దలకి బహిరంగ లేఖ రాశాడు. 2003 జనవరిలో జాతిద్వేషులు ఇక్కడికొచ్చి సభ పెట్టారు. దానికి కొన్ని పదులమంది వచ్చారేమో, వాళ్లకి వ్యతిరేకంగా మాత్రం వేలమంది పోగయ్యారు. 2015లో హైస్కూల్ సాకర్ టీమ్ మొదటిసారి రాష్ట్ర ఛాంపియన్ అయింది. ఆ టీమ్‌లో ఎక్కువమంది సోమాలీ పిల్లలు.

ఇక "తెల్ల" అన్న గడి సంగతి. మా పక్కింటి తాతగారికి ఇంట్లో ఫ్రెంచే భాష. 1920లలో ఈ రాష్ట్రంలో క్లూ క్లక్స్ క్లాన్ అనే జాతిద్వేష ముఠా పడింది ఫ్రెంచ్ కాథలిక్కుల మీద. బడిలో ఫ్రెంచ్ మాట్లాడితే తిట్టేవారని ఆయన చెప్తారు. ఇవాళ ఆయన పట్టికలో తెల్లవాడు, అంతే. సోమాలియాలో పుట్టిన ఆవిడ, జార్జియా నుంచి వచ్చిన నల్ల కుటుంబం, ఇద్దరూ "బ్లాక్". వాళ్లిద్దరి భాష, మతం, వంట ఏదీ కలవదు.

ఎర్రసముద్రానికి అటువైపు యెమెన్, దాటితే ఇటువైపు సోమాలియా ఉన్న ఆఫ్రికా కొమ్ము. అటు నుంచి వచ్చినవాళ్లు హామ్‌ట్రామిక్‌లో తెల్లవాళ్లు, ఇటు నుంచి వచ్చినవాళ్లు లూయిస్టన్‌లో నల్లవాళ్లు. ఇద్దరూ ఒకే ప్రార్థన చేస్తారు.

లెక్కలమాస్టారు

బాగా చెప్పారు. చిన్న ఊళ్ల లెక్కలు చదివేవాళ్లకి ఇంకొన్ని జాగ్రత్తలు చెప్పాలి, నా ఉద్యోగమే ఇది.

పదేళ్లకోసారి వచ్చేది అసలు లెక్క. మధ్యలో వచ్చే ఏసీఎస్ (అమెరికన్ కమ్యూనిటీ సర్వే) కొందరిని అడిగి వేసే అంచనా. 65,000 కంటే తక్కువ జనమున్న ఊళ్లకి ఏడాది అంచనా ఇవ్వరు, ఐదేళ్లది కలిపి ఇస్తారు. దాని పక్కనే తేడా ఎంత ఉండొచ్చో కూడా వేస్తారు. చిన్న ఊళ్లో చిన్న గుంపు దగ్గర ఆ తేడా అసలు అంకె అంత ఉండొచ్చు. "ఊళ్లో 120 మంది, తేడా 110" అని ఉంటే అక్కడ పది మంది ఉన్నారో, 230 మంది ఉన్నారో చెప్పలేం. జనం ఆ రెండో అంకె చూడరు. 2020 అసలు లెక్కలో కూడా మనుషుల వివరాలు బయటపడకుండా చిన్నచిన్న ప్రాంతాల అంకెల్ని కావాలనే కొంచెం కదిపారు. కాబట్టి ఏదో ఒక్క వీధి ముక్క అంకె పట్టుకుని వాదించకండి.

ఖైదీల్ని జైలు ఉన్న ఊళ్లోనే లెక్కిస్తారు, ఇది ఇంకా ముఖ్యం. అయోవాలో అనమోసా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ ఒకప్పుడు ఒక వార్డులో సుమారు 1,400 మంది ఉంటే, అందులో 1,300 మంది జైల్లో ఉన్నవాళ్లే. ఓటు వేయలేరు. 2005లో ఆ వార్డు కౌన్సిలర్ రెండు ఓట్లతో గెలిచాడు. ఎక్కడైనా పల్లె లాంటి తెల్ల ఊళ్లో హఠాత్తుగా నల్లవాళ్ల శాతం ఎక్కువ కనపడితే ముందు జైలుందేమో చూడండి. కాలేజీ ఉన్నా ఇలాగే ఉంటుంది.

లెక్కకి అందనివాళ్లు కూడా ఉంటారు. 2020 తర్వాత సెన్సస్ బ్యూరోవాళ్లే సరిచూసుకుంటే నల్లవాళ్లలో 3.3 శాతం, హిస్పానిక్‌లలో (స్పానిష్ మూలాలవాళ్లలో) 4.99 శాతం, రిజర్వేషన్లనే తమ ప్రత్యేక ప్రాంతాల్లో ఉండే అమెరికన్ ఇండియన్లలో 5.64 శాతం తక్కువ లెక్కయ్యారు. ఆసియన్లు, హిస్పానిక్ కాని తెల్లవాళ్లు ఎక్కువ లెక్కయ్యారు.

ఇద్దరమ్మల ఇల్లు

నాదొక ప్రశ్న. మా కోడలు నల్లమ్మాయి. మనవరాలికి ఏం పెట్టాలో తెలియక 2020లో మావాడు ఏషియన్, బ్లాక్ రెండూ టిక్ చేశాడు. అప్పుడు ఆ పిల్లని ఎక్కడ లెక్కేస్తారు?

లెక్కలమాస్టారు

"రెండు లేక అంతకంటే ఎక్కువ జాతులు" అన్న వరుసలో అమ్మా. అలా రెండు పెట్టుకునే వీలు 2000లోనే వచ్చింది. దేశం మొత్తంలో ఆ వరుస 2010లో 90 లక్షల మంది, 2020లో 3 కోట్ల 38 లక్షలు. పదేళ్లలో అన్ని పెళ్లిళ్లు జరిగిపోలేదు. 2020 ఫారంలో తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ కూడా మీ మూలాలు రాయమన్నారు, రాసింది చదివి వర్గాలు కలిపే పద్ధతి కూడా మార్చారు. దాంతో చాలామంది ఒక వరుస నుంచి ఇంకో వరుసలోకి వెళ్లారు. ఏ ఊళ్లోనైనా "తెల్లవాళ్లు బాగా తగ్గిపోయారు" అని ఎవరైనా అంటే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీ మనవరాలు మాత్రం నిజంగా రెండూనే, నిశ్చింతగా పెట్టుకోండి.

ఇద్దరమ్మల ఇల్లు

సంతోషం మాస్టారూ. దాని పేరు కూడా రెండువైపుల నుంచీ పెట్టాం.

గడపగడప

ఆ "మూలాలు రాయండి" అన్న గీత గురించి ఒకటి చెప్పాలి. ఒక ఇంట్లో పెద్దాయన, యెమెన్ మనిషి, నా ఫోన్‌లో చూసి నేను చదివిన గడులన్నీ రెండుసార్లు విన్నాడు. "ఇంకేం లేవా?" అన్నాడు. లేవన్నాను. "అయితే వైట్ పెట్టు, కింద యెమెన్ అని రాయి. తప్పు లేకుండా రాయి" అని నా పక్కన నిలబడి ఒక్కో అక్షరం చూశాడు. అలా రాసినవి లెక్కేస్తేనే తర్వాత తెలిసింది, దేశంలో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవాళ్లు 35 లక్షల మంది అని. హామ్‌ట్రామిక్‌కి దగ్గర్లోని డియర్‌బోర్న్‌లో సగానికి పైగా వాళ్లే. అంతకుముందు పట్టికల్లో ఆ ఊరు కూడా ఉత్త "తెల్ల" ఊరే.

పాతకాగితాలు

2024 మార్చిలో మాస్టారు చెప్పిన ఆ 1977 ఆదేశాన్ని మళ్లీ సవరించి మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకి విడిగా గడి ప్రకటించారు. హిస్పానిక్ అన్న ప్రశ్నని కూడా జాతి ప్రశ్నలోనే కలిపారు. మనకి 1980లో దొరికింది వాళ్లకి 2024లో కాగితం మీదికొచ్చింది.

మంచుదారి (ఆరు వారాల తర్వాత)

అందరికీ నమస్కారం. ఇల్లు దొరికింది, దిగాం. కింద పోర్షన్‌లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన కుటుంబం, ఎదురింట్లో పోలిష్ మామ్మగారు.

నిన్న పాపని బడిలో చేర్చడానికి వెళ్తే ఫారంలో మళ్లీ అవే పాత గడులు. మా పాపకి ఏషియన్ పెట్టేశాను. నా పక్క కుర్చీలో ఒక యెమెనీ తల్లి, చంకలో చిన్నవాడు. పెన్ను ఆ గడుల మీద అటూఇటూ తిప్పి నా ఫారం వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు. మీరందరూ చెప్పింది గుర్తొచ్చి, "వైట్" అన్న గడి మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ తన చేతిని ఒకసారి చూసుకుంది. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. సరే అని టిక్ పెట్టింది. ఆ గడి పక్కన ఖాళీ ఏమీ లేదు. కాగితం పక్కకి తిప్పి అంచున చిన్న అక్షరాలతో అరబిక్‌లో ఏదో రాసింది. ఏం రాశారని సైగ చేస్తే, "యమన్" అంది.

ఆఫీసులో అమ్మాయి ఆ ఫారం తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కించుకుంది. అంచున ఉన్నదాన్ని ఎక్కించడానికి దాన్లో చోటు లేదట.